చిన్న హెచ్

మా కాయిర్‌లో ఎవరైనా శ్రుతి తప్పితే సార్ ఏమీ అనరు. హార్మోనియం మీద ఆ స్వరం మళ్లీ నొక్కి చూపించి "ఇంకోసారి" అంటారు, అంతే. పాట పేరు తప్పు రాస్తే మాత్రం ఊరుకోరు. హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరైన మనిషి. ఉద్యోగం చేస్తూనే, సాయంత్రం పూట మేడ్చల్‌లో బస్సెక్కి ఉస్మానియాకు పోయి జర్మన్ సర్టిఫికెట్ కోర్సు చదివారు. ఆ వయసులో ఎందుకు సార్ అని ఎవరైనా అడిగితే, "మంచి మంచి క్రిస్మస్ పాటలు ఆ భాషల పుట్టినయి. అవి రాసినోళ్ల మాట తెలియకుండ పాడుడు ఎట్ల?" అనేవారు.

ఆ ఏడు డిసెంబర్‌లో శామీర్‌పేట దగ్గర ఒక హాల్లో కేరల్స్ సాయంత్రం పెట్టుకున్నాం. మేడ్చల్, తూంకుంట, అలియాబాద్, శామీర్‌పేట చర్చిల్లో పాడేవాళ్లమంతా కలిసి. ఆ వైపు ఇప్పుడు ఊరి జనమే కాదు. నల్సార్‌లో లా చదివే పిల్లలు, బిట్స్ క్యాంపస్ పిల్లలు, తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు కూడా వస్తారు. అందుకని సార్ ఒక ఆలోచన చెప్పారు. ప్రతి పాటకు మొదటి చరణం అది పుట్టిన భాషలోనే పాడాలి, మిగతావి తెలుగులో. వచ్చినవాళ్ల చేతికి ఒక కార్డు ఇవ్వాలి. కార్డు మీద తెలుగు పేరు, దాని కింద ఇంగ్లిష్ అక్షరాల్లో అసలు జర్మన్ పేరు.

పాటలు నాలుగు. మొదటిది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో అందరం చూసుకుని పాడే 'శుద్ధరాత్రి'. దాని అసలు పేరు 'ష్టిల్లె నాఖ్ట్, హైలిగె నాఖ్ట్'. యోసెఫ్ మోర్ అనే యువ పాదిరి 1816లో ఆ పదాలు రాసుకున్నాడు. 1818 డిసెంబర్ 24న పక్క ఊరి బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ బాణీ కట్టాడు. సాల్జ్‌బర్గ్ దగ్గర ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్లో, ఆ రాత్రే, గిటార్ పట్టుకుని ఇద్దరూ పాడారు. రెండోది 'ఎస్ ఇస్ట్ ఐన్ రోస్ ఎంట్‌ష్ప్రుంగెన్'. 1609లో మికాయెల్ ప్రెటోరియస్ నాలుగు గొంతులకు కూర్చిన తీరులోనే దాన్ని ఇప్పటికీ పాడుతున్నారు. నాలుగోది మార్టిన్ లూథర్ రాసిన 'ఫామ్ హిమ్మెల్ హోఖ్'.

మూడోదాని గురించి సార్ చెప్పినరోజు మా ప్రాక్టీస్ ముందుకు సాగలేదు. 'ఓ డు ఫ్రోలిషె' అని దాని పేరు. సంతోషాన్ని పిలిచే పాట. వైమార్‌లో యోహానెస్ ఫాల్క్ అనే రచయిత 1813లో టైఫస్ జ్వరానికి తన పిల్లల్ని నలుగురిని పోగొట్టుకున్నాడు. నెపోలియన్ యుద్ధాల్లో అమ్మానాన్నలు పోయి వీధుల్లో తిరుగుతున్న పిల్లల్ని తన ఇంటికి తెచ్చుకుని సాకడం మొదలుపెట్టాడు. ఆ పిల్లలు పండక్కి పాడుకోవడానికి రాసి ఇచ్చిన పాట అది. ఆ సంగతి తెలిసిన తర్వాత ఆ పేరులో ఒక్క చుక్క తగ్గినా నాకు కూడా మనసొప్పలేదు.

కార్డు పని మేడ్చల్‌లో పాత హైవే పక్క సందులో ఉన్న డీటీపీ షాపుకు ఇచ్చాం. అన్నాచెల్లెళ్లు నడుపుతారు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీల డిజైన్లు, జిరాక్సులు, ల్యామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, అన్నీ అక్కడే. అన్న కౌంటర్ చూసుకుంటాడు, చెల్లెలు కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. సార్ లోపలికి అడుగు పెట్టగానే ఆ అమ్మాయి లేచి నిలబడింది. "కూసో అమ్మా, కూసో" అన్నారు సార్. ఆయన్ని చూసి లేచి నిలబడేవాళ్లు మేడ్చల్‌లో చాలామందే ఉన్నారు.

కార్డు మీద మీ పేరు కూడా వేద్దాం సార్ అని నేనంటే ఒప్పుకోలేదు. పాట రాసినవాళ్ల పేర్లు ఉండాలి, పాడించినవాడిది అక్కర్లేదన్నారు. ఆర్డరు కూడా చర్చి పేరు మీదే రాయించారు.

మొదటి ప్రూఫ్ వచ్చింది. ప్రతి పదం మొదటి అక్షరం పెద్దబడి. ఇంగ్లిష్‌లో పాటల పేర్లు, పుస్తకాల పేర్లు అలాగే వేస్తారు కాబట్టి చూడగానే ఎవరికీ తప్పనిపించదు. సార్ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి 'హైలిగె'లో ఉన్న హెచ్ చుట్టూ సున్నా చుట్టారు.

"ఇది చిన్నబడి కావాలె."

"మొదటి అక్షరాలన్నీ పెద్దగుంటేనే కార్డుకు అందం సార్" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. "పెండ్లి కార్డులన్నీ గట్లనే చేస్తం. అయినా ఒక్క హెచ్‌కేమైతది సార్?"

సార్ పెన్నుకు మూత పెట్టారు. "ఏమైతది అన్న మాట నా ముందర అనకు నాయనా."

కంప్యూటర్ ముందున్న చెల్లెలు తల తిప్పి సార్ మొహం వైపు ఒకసారి చూసింది. మళ్లీ పనిలో పడింది.

సార్ స్టూల్ లాక్కుని కూర్చున్నారు. ఆయన పాఠం చెబితే వినాలనిపిస్తుంది. కోపం ఆ ఒక్క మాటతోనే పోయింది, గొంతులో తరగతి గది వచ్చింది. జర్మన్‌లో నామవాచకం ఎక్కడున్నా, వాక్యం మధ్యలో ఉన్నా సరే, పెద్దబడితో మొదలవుతుంది. రాత్రి, గులాబీ, ఆకాశం, చెయ్యి, రొట్టె, అన్నీ. విశేషణాలు, క్రియలు చిన్నబడి. పాట పేరైనా అంతే. మొదటి పదం పెద్దబడి, తర్వాత వచ్చే నామవాచకాలు పెద్దబడి, మిగతావన్నీ చిన్నబడి. 'ష్టిల్లె' మొదటి పదం కాబట్టి దాని ఎస్ పెద్దది. 'నాఖ్ట్' అంటే రాత్రి, రెండుచోట్లా ఎన్ పెద్దది. 'హైలిగె' అంటే పవిత్రమైన అని, విశేషణం, దాని హెచ్ చిన్నదే. ఇంగ్లిష్ పుస్తకంలో, ఇంగ్లిష్ కార్డులో అచ్చువేసినా ఆ పేరును ఇంగ్లిష్ పద్ధతికి మార్చకూడదు. అమెరికాలో అచ్చుపనికి ప్రమాణంగా చూసే చికాగో మాన్యువల్ కూడా ఇతర భాషల పేర్లను వాటి పద్ధతిలోనే వేయమంటుంది.

"పెద్ద పెద్దోళ్లే తప్పు చేసిన్రు" అన్నారు సార్. బీటిల్స్ వాళ్లు 1964 జనవరిలో పారిస్ స్టూడియోలో తమ పాటనొకదాన్ని జర్మన్‌లో పాడారు, 'కొమ్, గిప్ మియ డైనె హాంట్' అని. దాంట్లో మొదటి పదానికి, చెయ్యి అనే అర్థమున్న చివరి పదానికి మాత్రమే పెద్దబడి రావాలి. రికార్డుల అట్టల మీద అయిదు పదాలకూ పెద్దబడే వేశారు. ఇప్పటికీ అలాగే అమ్ముతున్నారు.

ఆ అబ్బాయి తెలివైనవాడు. "అట్లయితే మొత్తం పేరే పెద్దబడిల కొడదాం సార్. ఏది పెద్దదో ఏది చిన్నదో లొల్లే ఉండదు" అన్నాడు.

"లొల్లి ఉండదు, తప్పు కనబడదు. రెండూ ఒకటి కాదు" అన్నారు సార్. జర్మన్‌లో రెండు ఎస్‌ల బదులు వాడే ఒక అక్షరం ఉంది. దానికి పెద్దబడి రూపమే 2017 దాకా అధికారికంగా లేదు. అంతవరకూ అన్నీ పెద్దబడిలో వేసేవాళ్లు దాన్ని విడగొట్టి రెండు ఎస్‌లు చేసేవాళ్లు. పేరులో ఆ అక్షరమున్నవాళ్లకు కాగితాల్లో తమ పేరు మరో పేరైపోయేది.

ఈ పెద్దబడి గురించి జర్మన్‌వాళ్లలోనే వాదం నడిచిందట. జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులు నామవాచకాలకు పెద్దబడి అనవసరమని నమ్మి, 1854లో తమ మహా నిఘంటువు తొలి సంపుటాన్ని చిన్నబడిలోనే అచ్చువేయించారు. డెన్మార్క్‌వాళ్లు కూడా నామవాచకాలకు పెద్దబడి రాసేవాళ్లే, 1948లో తీసేసుకున్నారు. "అది వాళ్ల ఇంటి వాదం. వాళ్లు మార్చుకుంటే మనం మారుస్తం. మార్చుకోలే. మన అందం కోసం వాళ్ల పేరు మార్చేటందుకు మనమెవరం?" అన్నారు సార్.

మనకు పెద్దబడీ చిన్నబడీ లేవు కాబట్టి ఇది మనకు పట్టదనుకునే వీలు కూడా లేదు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు తెలుగును ఇంగ్లిష్ కీబోర్డు మీద రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాంట్లో చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఏళ్ల తరబడి ఉత్తరాలు, పద్యాలు ఆ పద్ధతిలోనే రాసుకున్నారు. సార్ ఈ సంగతి చెప్పేసరికి అబ్బాయి నవ్వాడు. "అవును సార్, 'కల'కూ 'కళ'కూ తేడా పోతది" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ అందం మాట ఎత్తలేదు.

తర్వాత చుక్కల సంగతి. 'ఫ్రోలిషె'లో ఓ మీద రెండు చుక్కలుండాలి. ఆ చుక్కలు వేసే వీల్లేకపోతే ఓ పక్కన ఈ చేర్చి రాస్తారు, అది ఒప్పే. చుక్కలు తీసేసి ఉత్త ఓ రాయడం మాత్రం తప్పు. 'షోన్' అంటే అప్పుడే అని, అదే ఓ మీద చుక్కలుంటే అందమైన అని. షూబర్ట్ 1823లో కూర్చిన పాటల మాలిక పేరులో ఉన్నది ఆ రెండోది. చుక్కలు మరిచిపోయి అచ్చువేసిన కార్డుల మీద ఆ మాలిక పేరు అర్థం లేకుండా పోతుంది.

పేజ్‌మేకర్‌లో తెలుగు కోసం అను ఫాంటు పెట్టి ఉంది. అబ్బాయి ఎక్కడినుంచో ఆ చుక్కల ఓ కాపీ చేసి పెడితే దాని స్థానంలో ఏదో తెలుగు అక్షరం ముక్క పడింది. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ గుర్తుల గడుల్లోనే తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి మరి. సార్ ఇంకా వివరిస్తూనే ఉన్నారు. చెల్లెలు ఆ ఒక్క పేరు మీద ఫాంటు మార్చి, ఆల్ట్ నొక్కి పట్టుకుని సున్నా, రెండు, నాలుగు, ఆరు కొట్టింది. ఓ మీద రెండు చుక్కలు నిలబడ్డాయి.

"భలే, ఎక్కడ చూసినవమ్మా?" అన్నారు సార్.

"అలవాటు సార్" అంది.

పెళ్లి కార్డులు చేసే షాపులో ఆ గుర్తు అలవాటెలా అవుతుందని అప్పుడు మాకెవరికీ తోచలేదు.

కార్డు వెడల్పు చాలక రెండో పాట పేరు చివర విరిగిపోయేది. 'ఎంట్‌ష్ప్రుంగెన్' మధ్యలో, ఎక్కడపడితే అక్కడ. 'ఎంట్' దగ్గర విరగాలని సార్ చెప్పారు. తర్వాతి ప్రూఫ్‌లో అది సరైంది కానీ 'రోస్' తర్వాత ఎవరో కామా పెట్టారు. అది పోయాక 'హైలిగె'లో హెచ్ మళ్లీ పెద్దదైంది. ఫైలు తెరిచినప్పుడల్లా కంప్యూటరే దిద్దేస్తోందని అబ్బాయి తల పట్టుకున్నాడు. సార్ మాత్రం విసుక్కోలేదు. ఆ షాపు గోడకు ఒక పెళ్లి కార్డు మీద శామీర్‌పేట శకారంతో, పక్కనున్న కార్డు మీద షకారంతో ఉంటే వాటినీ చూపించారు.

"1746లో జర్మనీల హాలె అనే ఊర్ల బెంజమిన్ షుల్జ్ అనే పాదిరి తెలుగు పుస్తకాలు అచ్చేయించిండు. తెలుగుల అచ్చైన మొదటి పుస్తకాలు అవే. ఆ ఊర్ల తెలుగు చదివేటోడు ఎంతమంది ఉంటరు చెప్పు? అయినా మన అక్షరాల కోసం అంత కష్టపడ్డడు. మనం వాళ్ల ఒక్క హెచ్ కోసం కష్టపడలేమా?" అన్నారు. కాసేపాగి, "పేరు వాళ్లది. వాళ్లెట్ల రాసుకుంటరో అడిగి, అట్లనే రాయాలె" అన్నారు.

ఆ మాట నాకు ఎంతగా నచ్చిందంటే, ఆ రోజు ఇంటికెళ్లి మా పిల్లలకు చెప్పాను.

ఆఖరి ప్రూఫ్ చూడ్డానికి సాయంత్రం పూట వెళ్లాం. సార్ తాను చేత్తో రాసిచ్చిన కాగితం ఒక పక్క, ప్రూఫ్ ఒక పక్క పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి సరిచూసుకుంటూ వచ్చారు. మూడు పాటలు అయ్యాయి. నాలుగోదాని దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ తేడా ఉంది. నేను 'హోఖ్'కు పెద్ద హెచ్ రాసిచ్చిన. నువ్వు చిన్నది కొట్టినవ్."

చెల్లెలు లేచి వచ్చి నిలబడింది. "'హిమ్మెల్' అంటే ఆకాశం, నామవాచకం, దానికి పెద్ద హెచ్. 'హోఖ్' అంటే ఎత్తు నుంచి అని కదా సార్. దానికి చిన్నదే రావాలె."

సార్ తన కాగితం వైపు, ప్రూఫ్ వైపు మార్చి మార్చి చూశారు. మొహం వెలిగిపోయింది. ఆయన్ని అంత సంతోషంగా నేను కాయిర్‌లో కూడా ఎప్పుడూ చూడలేదు. తొందరలో పక్కనున్న హెచ్ చూసి దీనికీ పెద్దదే వేసేశానని, తన తప్పు పట్టుకున్నవాళ్లు ఇన్నేళ్లలో నువ్వొక్కదానివేనని అన్నారు. ఆపైన జర్మన్‌లో ఏదో అడిగారు. ఆ అమ్మాయి తడుముకోకుండా జర్మన్‌లోనే జవాబు చెప్పింది. సార్ ఇంకోటి అడిగారు. దానికీ చెప్పింది. కౌంటర్ దగ్గర అన్న, నేను చూస్తూ నిలబడ్డాం.

"ఏడ నేర్చుకున్నవ్ బిడ్డా?"

"నర్సింగ్ చేసిన సార్. జర్మనీల నర్సు కొలువు కోసమని నేర్చుకున్న. బీ వన్ పాసైన."

మన దగ్గర నుంచి నర్సులు జర్మనీ వెళ్లడం ఇప్పుడు వింతేమీ కాదు. అక్కడి ఆసుపత్రుల్లో మనుషులు చాలడం లేదు. బీ వన్ అంటే రోగితో మాట్లాడి, డాక్టర్ చెప్పింది రాసుకోగలిగేంత భాష. రాత్రి డ్యూటీలు చేస్తూ ఆ పరీక్ష దాకా రావడం ఎంత కష్టమో సార్‌కు నాకంటే బాగా తెలుసు.

"మరి పోకుండ ఈడెందుకు ఉన్నవ్?"

ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. అన్న చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. డ్రాయర్ తీసి, ప్లాస్టిక్ కవరులో ఉన్న టెన్త్ మెమో సార్ ముందు పెట్టింది.

"నా పేరు చివర 'త' సార్. టీ పక్కన హెచ్ ఉండాలె. పుట్టిన సర్టిఫికెట్‌ల ఉంది, ఆధార్‌ల ఉంది, నర్సింగ్ సర్టిఫికెట్‌ల ఉంది. దీంట్ల ఒక్కదాంట్ల లేదు. జర్మనీల కాయితాలు చూసేటోళ్లు, ఈ టెన్త్ చదివిన పిల్ల వేరే, నర్సింగ్ చదివిన పిల్ల వేరే అన్నరు. దిద్దించుకొస్తనన్న. చాన ఏండ్లయింది కదా అని ఆఫీసుల ఒకరి మీద ఒకరు చెప్పుకున్నరు. అది తేలేసరికి నా బ్యాచ్ పోయింది. తర్వాత నాన్నకు పక్షవాతం వచ్చింది. ఇగ ఇల్లు విడిచి పోలేకపోయిన."

సార్ కళ్లజోడు పైకి నెట్టుకుని మెమోను దగ్గరగా పట్టుకున్నారు. పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివారు. టీ దగ్గర ఆగారు. ఆయన చెయ్యి వణకడం చూశాను.

"ఒక్క అక్షరం" అన్నారు. "గడికో అక్షరం రాసే ఫారం అది. నామినల్ రోల్ నింపేటప్పుడు పిల్లను పిలిచి, నీ పేరు ఎట్ల రాస్తరమ్మా అని అడిగితే ఏం పోయె? అడగలేదా నిన్ను?"

"అడగలేదు సార్. ఫారం సంతకానికి వచ్చినప్పుడు నేనే చూసి, లేచి చెప్పిన, హెచ్ పోయిందని. 'ఒక్క హెచ్‌కేమైతది, కూసో' అన్నరు."

"ఏమైతదా!" సార్ గొంతు పెరిగింది. షాపులో జిరాక్స్ తీయించుకుంటున్న ఇద్దరు ఇటు తిరిగి చూశారు. "అంత మాట అన్నోడు పంతులెట్లయిండు? రిజిస్టర్ పట్టుకునేటందుకు కూడ పనికిరాడు. పిల్ల బతుకు కదా అది! ఎవరమ్మా వాడు?"

అన్న తల వంచుకుని కార్డులు కట్టలు కడుతున్నాడు. ఆ అమ్మాయి మెమోను మళ్లీ కవరులో పెట్టి, డ్రాయర్‌లో దాచింది. "కమిటీకి బిల్లు కావాలన్నరు కదా సార్" అని బిల్లుబుక్కు ముందుకు లాక్కుంది. తారీఖు వేసింది. పైన పేరు రాసింది. ఇంటిపేరు అక్షరాలు, తండ్రి పేరు అక్షరం, ఆ తర్వాత పేరు. సార్ పేరును ఇంగ్లిష్‌లో అందరూ తప్పే రాస్తారు. మధ్యలో రెండు ఈలు, చివర ఒక ఏ ఎక్కువ ఉంటాయి. మా చర్చి పుస్తకంలో కూడా తప్పే ఉంది. ఆ అమ్మాయి చెయ్యి ఎక్కడా ఆగలేదు. చింపి సార్ చేతికిచ్చింది.

సార్ అలవాటుకొద్దీ వేలు పెట్టి ఒక్కో అక్షరం చూసుకున్నారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"నా పూర్తి పేరు నేను చెప్పలే కదమ్మా. నీకెట్ల తెలుసు?"

"క్లాస్ టీచర్ పేరు తప్పు రాస్తనా సార్?" అంది.